శంషాబాద్‌కు మెట్రో ఎటు నుంచి వెళ్లాలి, ఎవరి కోసం వెళ్లాలి?

2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు రాయదుర్గం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ మెట్రోకు శంకుస్థాపన చేశారు. అంచనా వ్యయం 6,250 కోట్ల రూపాయలు. అవుటర్ రింగ్ రోడ్డు పక్కనే సాగుతూ, తక్కువ చోట్ల ఆగుతూ, అరగంటలో టెర్మినల్ చేర్చాలన్నది ఆలోచన. దాదాపు ఏడాదికి ప్రభుత్వం మారింది. కొత్త ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ అలైన్‌మెంట్‌ను పక్కన పెట్టించి, నాగోలు నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి, ఆరాంఘర్ మీదుగా విమానాశ్రయానికి వెళ్లే 36.8 కిలోమీటర్ల మార్గాన్ని ముందుకు తెచ్చారు. విమానాశ్రయం ఒక్కటే, నగరమూ ఒక్కటే. గీతలు మాత్రం పూర్తిగా వేర్వేరు దిక్కుల నుంచి వచ్చాయి.

ఈ మార్పును ఎక్కువమంది రాజకీయంగానే చదివారు. ఎవరి భూముల ధరలు పెరుగుతాయి, ఎవరివి తగ్గుతాయి అన్న లెక్కలూ బాగానే నడిచాయి. రాజకీయం లేదని అనలేం. అయితే ఏ పార్టీ అధికారంలో ఉన్నా తప్పని ఒక ప్రణాళికా సమస్య దాని కింద ఉంది. విమానాశ్రయానికి వేసే రైలు మార్గం విమానం ఎక్కేవాళ్ల కోసమేనా, లేక ఆ దారి పొడవునా బతికేవాళ్ల కోసం వేసి చివరి స్టేషన్‌ను విమానాశ్రయంలో పెట్టాలా అన్నదే ఆ సమస్య. ఈ ప్రశ్నకు ముందే జవాబు చెప్పుకుంటే వేగం, స్టేషన్ల సంఖ్య, చార్జీ, పెట్టుబడి ఎక్కడి నుంచి తేవాలన్న సంగతి చాలావరకు దాని వెంటే తేలిపోతాయి. చెప్పుకోకుండా గీత గీస్తే ప్రతి మెట్టులోనూ చిక్కే.

మొదట లెక్క చూద్దాం. శంషాబాద్ విమానాశ్రయం నుంచి రాకపోకలు సాగించేవారు 2023-24లో రెండున్నర కోట్ల దాకా ఉన్నారు. వచ్చినవారినీ పోయినవారినీ కలిపి చెప్పే సంఖ్య ఇది. ఒక విమానం దిగి ఇంకో విమానం ఎక్కేవారు బయటికే రారు కాబట్టి నగరంలోకి నిజంగా వచ్చేవారు ఇంకా తక్కువ. అయినా మొత్తం తీసుకుందాం. రోజుకు 68 వేల పైచిలుకు. వీరిలో నూటికి ఇరవై మంది మెట్రో ఎక్కుతారనుకుంటే, అది ఉదారమైన అంచనాయే, రోజుకు 13,700 ప్రయాణాలు. ఈ మొత్తాన్ని 31 కిలోమీటర్ల మీద పంచితే కిలోమీటరుకు 440 మంది తేలతారు. నగరంలో ఇప్పుడు నడుస్తున్న 69 కిలోమీటర్ల మెట్రోలో రోజుకు నాలుగున్నర లక్షల మంది తిరుగుతున్నారనుకుంటే కిలోమీటరుకు ఆరున్నర వేల మంది. అంత రద్దీ ఉన్న మొదటి దశకే అప్పుల భారం తప్పలేదు. దానిలో పదిహేనో వంతు జనంతో ఇంకో మార్గం ఎలా నిలబడుతుంది?

ఇదే లెక్కను రైళ్లలోకి మార్చి చూస్తే సంగతి మరింత తేటపడుతుంది. 13,700 మందిని 18 గంటల మీద, రెండు దిశల మీద పంచితే గంటకు ఒక వైపు 380 మంది. మన మెట్రోలో మూడు బోగీల రైలు ఒక్కటే వెయ్యి మందికి దగ్గరగా మోయగలదు. అంటే గంటకు ఒక్క రైలు నడిపినా సగం ఖాళీగానే పోతుంది. కానీ విమానం ఎక్కాల్సినవాడు గంటకో రైలును నమ్ముకుని ఇంట్లోంచి బయలుదేరడు. కనీసం పది నిమిషాలకో రైలు ఉంటేనే అతనికి ధీమా. ఆ ధీమా కోసం ఖాళీ రైళ్లు నడపాలి, ఖాళీ రైళ్ల ఖర్చు రాబట్టడానికి చార్జీ పెంచాలి, చార్జీ పెరిగితే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లే కుటుంబం లెక్క వేసుకుని క్యాబ్ మాట్లాడుకుంటుంది. విమాన ప్రయాణికులనే నమ్ముకున్న మార్గాలు చాలా చోట్ల ఇరుక్కున్నది ఈ సుడిలోనే.

ఢిల్లీ అనుభవం మనకు దగ్గరిది. 2011 ఫిబ్రవరిలో మొదలైన ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్‌ను రిలయన్స్ ఇన్‌ఫ్రా నేతృత్వంలోని సంస్థ ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడిపింది. న్యూఢిల్లీ స్టేషన్ నుంచి ద్వారక సెక్టార్ 21 దాకా 22.7 కిలోమీటర్లకు ఆరే స్టేషన్లు. నగరంలోనే సూట్‌కేసు అప్పగించి బోర్డింగ్ పాస్ తీసుకునే ఏర్పాటు కూడా ఉంది. చార్జీ మామూలు మెట్రో కంటే చాలా ఎక్కువ, ఎక్కినవాళ్లు అంచనాల కంటే చాలా తక్కువ. 2012 జులైలో వంతెనల గర్డర్ల కింది బేరింగుల్లో లోపాలు బయటపడి సర్వీసు ఆగిపోయింది. 2013 జనవరిలో మళ్లీ మొదలైనా ఆ ఏడాది మధ్యలోనే ప్రైవేటు సంస్థ తప్పుకుంది. మార్గం ఢిల్లీ మెట్రో రైల్ కార్పొరేషన్ చేతికి వచ్చింది. వ్యాజ్యం 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చివరి అవకాశమైన క్యూరేటివ్ పిటిషన్‌పై తీర్పు ఇచ్చేదాకా సాగింది. ఇంజినీరింగ్ లోపం, ఒప్పంద వివాదం ఒక ఎత్తు. ప్రణాళికా దృష్టితో చూస్తే ముఖ్యమైనది ఆ తర్వాత జరిగింది: కార్పొరేషన్ చార్జీలు గణనీయంగా తగ్గించాక ప్రయాణికులు పెరుగుతూ వచ్చారు. ఏరోసిటీలో, ధౌలాకువాలో దిగే ఉద్యోగులకు అది రోజువారీ రైలైంది. 2023 సెప్టెంబరులో యశోభూమి దాకా పొడిగించారు.

కెనడాలోని టొరంటోది దాదాపు అదే కథ. పియర్సన్ విమానాశ్రయానికి 2015 జూన్‌లో మొదలైన యూపీ ఎక్స్‌ప్రెస్ టికెట్ ధర తొలుత 27.50 డాలర్లు. వ్యాపార పనుల మీద తిరిగేవారిని మనసులో పెట్టుకున్న రైలు అది, నెలల తరబడి చాలావరకు ఖాళీగా తిరిగింది. 2016 మార్చిలో ధరను 12 డాలర్లకు దించారు. జనం వచ్చారు, వారిలో విమానంతో సంబంధం లేకుండా మధ్య స్టేషన్లలో ఎక్కి దిగేవారూ ఉన్నారు. షాంఘైలో గంటకు 431 కిలోమీటర్ల వేగం అందుకున్న మాగ్లెవ్‌ది (అయస్కాంత శక్తితో పట్టాను తాకకుండా నడిచే రైలు) ఇంకో రకం పాఠం. అది నగర కేంద్రం దాకా రాకుండా లాంగ్‌యాంగ్ రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. ఎనిమిది నిమిషాల్లో అక్కడికి చేరిన ప్రయాణికుడు సామాను దింపుకుని మళ్లీ మామూలు మెట్రో ఎక్కాలి.

ఈ అనుభవాలను వెంట పెట్టుకుని మన రెండు గీతల దగ్గరికి వద్దాం.

రాయదుర్గం మార్గానికి అనుకూలంగా చెప్పదగిన మాట బలమైనదే. విమానం తరచుగా ఎక్కేవారు గచ్చిబౌలి, మాదాపూర్, కొండాపూర్ వైపే ఎక్కువ. నిర్మాణం కూడా సులువు. అవుటర్ పక్కన స్థలం ఉంది, ఇళ్లు కూల్చే పని తక్కువ, టెర్మినల్ సమీపంలో మాత్రమే కొంత భూగర్భం. కిలోమీటరుకు సుమారు 200 కోట్లతో తేలిపోయే అంచనా అందువల్లే వచ్చింది. కానీ ఏ కారణం చేత కట్టడం సులువో, ఆ కారణం చేతే జనం తక్కువ. నార్సింగి దాటితే ఆ గీత హిమాయత్‌సాగర్ వైపు వెళుతుంది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జంట జలాశయాల రక్షణ కోసం 1996లో ఇచ్చిన 111 జీవో వల్ల ఆ చుట్టుపక్కల 84 గ్రామాల్లో దశాబ్దాలపాటు నిర్మాణాలపై ఆంక్షలు ఉన్నాయి. అదీకాక అవుటర్ అనేది మనుషులు నడిచి చేరుకోవడానికి కట్టిన రోడ్డు కాదు. దాని అంచున స్టేషన్ పెడితే అక్కడికి చేరడానికే ఒక వాహనం కావాలి. వాహనం ఎక్కినవాడు అదే అవుటర్ మీద నేరుగా టెర్మినల్‌కే పోతాడు, ఎందుకంటే నగరంలో సాఫీగా సాగే రోడ్లలో అది మొదటి వరసలోది. రోడ్డు బాగా ఉన్న చోట రైలుకు పోటీ కష్టం. రోడ్డు నరకంగా ఉన్న చోటే రైలు గెలుస్తుంది.

కర్మన్‌ఘాట్, చంపాపేట, ఓవైసీ ఆస్పత్రి, చాంద్రాయణగుట్ట కూడళ్లలో సాయంత్రం పూట చిక్కుకున్నవారికి ఆ రెండో మాట వేరే చెప్పనక్కర్లేదు. నాగోలు మార్గం సరిగ్గా ఈ రద్దీ మీదుగా పోతుంది. 24 స్టేషన్లు. విమానం మొహం చూడనివారు కూడా రోజూ ఎక్కే రైలు అవుతుంది. సగటున గంటకు 35 కిలోమీటర్లు అనుకుంటే నాగోలు నుంచి టెర్మినల్‌కు గంటకు పైగా పడుతుంది. విమాన ప్రయాణికుడికి అది నచ్చకపోవచ్చు, కానీ ఆ మార్గం అతని ఒక్కడి మీదే ఆధారపడి బతకదు.

వేగాన్ని వదులుకున్నందుకు ఏం దక్కుతుందన్నది చాంద్రాయణగుట్ట దగ్గర తేలాలి. ఈ ప్రణాళిక మొత్తంలో నాకు అన్నిటికంటే కీలకంగా కనిపించే స్టేషన్ అదే, చర్చల్లో అతి తక్కువగా వినిపించేదీ అదే. మెట్రో రెండో దశలో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) నుంచి పాతబస్తీ మీదుగా చాంద్రాయణగుట్టకు 7.5 కిలోమీటర్ల మార్గం ఉంది. మొదటి దశలోనే ఫలక్‌నుమా దాకా పడాల్సి, పడకుండా ఆగిపోయిన ముక్కకు కొనసాగింపు ఇది. ఇప్పటి జేబీఎస్ (సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్)-ఎంజీబీఎస్ గ్రీన్ లైన్ దీనితో కలిసిపోతే, జేబీఎస్‌లో ఎక్కినవారు చాంద్రాయణగుట్టలో ఒక్కసారి మారి విమానాశ్రయం చేరవచ్చు.

జేబీఎస్‌లో దిగేది ఎవరు? కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కామారెడ్డి వైపు నుంచి ఆర్టీసీ బస్సుల్లో వచ్చేవారు. దుబాయి, కువైట్, మస్కట్ పోయే వలస కార్మికులు ఎక్కువగా ఉండే జిల్లాలు అవే. వరంగల్ బస్సులు ఆగే ఉప్పల్‌కు నాగోలు పక్క స్టేషనే. సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ నుంచి వచ్చేవారు దిగే ఎల్బీనగర్ మార్గంలోనే ఉంది. ఐటీ కారిడార్‌ను తప్పిస్తుందని విమర్శకు గురైన ఈ గీత, జిల్లాల నుంచి వచ్చే దారులను మాత్రం ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోతుంది. ప్రభుత్వం ఈ కోణాన్ని గట్టిగా ఎందుకు చెప్పుకోలేదో నాకు అర్థం కాదు.

అయితే మార్పిడి స్టేషన్ ఎలా కడతారన్న దాని మీదే ఈ లాభం అంతా నిలుస్తుంది. అమీర్‌పేటలో రెడ్ లైన్ నుంచి బ్లూ లైన్‌కు మారేవారు ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు పోవాలి. భుజాన ల్యాప్‌టాప్ సంచీ ఉన్నవారికి అది పెద్ద పనేమీ కాదు. అమెరికా చదువుకు పోయే విద్యార్థి చేతిలో 23 కిలోల సూట్‌కేసులు రెండుంటాయి, వీపు మీద ఇంకో సంచీ. వెంట అమ్మానాన్న, ఒక్కోసారి పెదనాన్న కుటుంబం కూడా. ప్రవేశంలో స్కానర్ మీద సామాను పెట్టి తీయాలి, టికెట్ గేటు ఇరుకుగా ఉంటే పక్క గేటు తెరిపించుకోవాలి, లిఫ్టులో ఇద్దరు మనుషులు, రెండు పెట్టెలు పట్టగానే మిగతావారు మళ్లీ వచ్చేదాకా ఆగాలి. ఈ మొత్తం చాంద్రాయణగుట్టలో ఇంకోసారి చేయాల్సి వస్తే వచ్చేసారి క్యాబే. ఒకే ప్లాట్‌ఫాం మీద ఒక వైపు రైలు దిగి, నాలుగడుగులు వేసి, రెండో వైపు రైలు ఎక్కేలా డిజైన్ చేస్తే ఈ కష్టం మాయమవుతుంది. అలాంటి స్టేషన్‌కు స్థలం, ఖర్చు ఎక్కువే. పిల్లర్లు లేచాక మాత్రం దాన్ని ఎంత ఖర్చు పెట్టినా తేలేం.

హైటెక్ సిటీ వైపు వారి సంగతిని దాచిపెట్టడం న్యాయం కాదు. వారు ఈ మార్గంలో పోవాలంటే బ్లూ లైన్‌లో నగరమంతా దాటి నాగోలు దాకా చుట్టూ తిరిగి పోవాలి, లేదా అమీర్‌పేటలో, ఎంజీబీఎస్‌లో, చాంద్రాయణగుట్టలో, మొత్తం మూడుచోట్ల మారాలి. ఎవరూ ఆ పని చేయరు. వారికి అవుటర్ మీద నడిచే మంచి బస్సే సరైన జవాబని నా అభిప్రాయం. ఆర్టీసీ పుష్పక్ బస్సులు ఇప్పటికే నగరంలోని పలు దిక్కుల నుంచి టెర్మినల్ ముందు దాకా పోతున్నాయి. వాటి సంఖ్య పెంచి, వేళలు కచ్చితంగా పాటిస్తే, వేల కోట్లు పెట్టకుండానే ఆ వైపు అవసరం చాలావరకు తీరుతుంది.

బస్సుల మాట వచ్చింది కాబట్టి వేళల గురించి చెప్పాలి. గల్ఫ్ విమానాలు, యూరప్ వైపు పోయే విమానాలు చాలావరకు అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము మధ్యలో ఎగురుతాయి. మెట్రో ఉదయం ఆరింటికి మొదలై రాత్రి పదకొండు ప్రాంతంలో ఆగిపోతుంది. పట్టాలు, కరెంటు తీగలు తనిఖీ చేయడానికి రాత్రి ఆ విరామం అవసరం. దాన్ని పూర్తిగా తీసేయలేం. ఢిల్లీలో ఎయిర్‌పోర్ట్ రైలును తెల్లవారుజామున ఐదు కాకముందే మొదలుపెడతారు, అంతకంటే ముందు అక్కడా రైలు లేదు. కాబట్టి జగిత్యాల నుంచి వచ్చి రాత్రి మూడింటి విమానం ఎక్కే కార్మికుడు పదకొండు లోపే విమానాశ్రయం చేరుకుని కూర్చోవాలి, లేదా రాత్రి బస్సు పట్టుకోవాలి. మెట్రో వచ్చాక పుష్పక్‌లు దండగని ఎవరైనా తీసేస్తే అతని దారి మూసుకుపోయినట్టే. విమానాశ్రయంలో మూడు షిఫ్టుల్లో పనిచేసే లోడర్లకు, సెక్యూరిటీ సిబ్బందికి, హౌస్‌కీపింగ్ వారికీ ఇదే ఇబ్బంది. ఏడాదికి రెండుసార్లు ఎగిరేవాడి కంటే ఏడాదికి ఐదారు వందల సార్లు ఆ దారిన వచ్చిపోయే వీరే ఈ మార్గానికి స్థిరమైన ప్రయాణికులు. వారి జీతానికి తగ్గ నెలవారీ పాస్ ఉండాలి, షిఫ్టు మారే వేళకు రైలో బస్సో ఉండాలి.

చివరి అర కిలోమీటరు సంగతి. బెంగళూరులో 2021 జనవరిలో విమానాశ్రయం పేరుతోనే ఒక రైల్వే హాల్ట్ తెరిచారు. టెర్మినల్‌కు అక్కడి నుంచి షటిల్ బస్సు పట్టాలి, రైళ్లు చూస్తే వేళ్ల మీద లెక్కించదగినన్ని. జనం పెద్దగా అలవాటు పడలేదు. మనకు ఉందానగర్ ఉంది. నగర లోకల్ రైళ్లయిన ఎంఎంటీఎస్ రెండో దశలో 2023 ఏప్రిల్‌లో ఫలక్‌నుమా నుంచి రైళ్లు అక్కడి దాకా వచ్చాయి. విమానాశ్రయం ఇంకా ఆరు కిలోమీటర్ల దూరంలో ఉండగానే ఆగిపోయాయి. చెన్నైలో 2016 సెప్టెంబరులో మెట్రో నేరుగా విమానాశ్రయంలోకే వచ్చింది, ఎదుట రోడ్డు దాటితే తిరుసూలం సబర్బన్ స్టేషన్ ఎప్పటి నుంచో ఉంది. రెండూ మామూలు నగర రైళ్లే, ఎక్స్‌ప్రెస్‌లు కావు, పనిచేస్తున్నాయి. నాగోలు మార్గంలో 1.6 కిలోమీటర్లు భూగర్భంలో పోయి, విమానాశ్రయ స్టేషన్ కూడా భూమి కిందే ఉండాలన్న ప్రతిపాదన ఈ కారణంగా ఖర్చయినా సమర్థించదగినది. పార్కింగ్, ట్యాక్సీల నుంచి ఆదాయం పొందే ఏ విమానాశ్రయ నిర్వాహకుడికైనా రైలు మీద ఉత్సాహం సహజంగా తక్కువే ఉంటుంది. అందుకే స్టేషన్ ఎక్కడన్నది నిర్వాహకుడి సౌకర్యానికి వదలకుండా రాష్ట్రం ఒప్పందంలోనే రాయించుకోవాలి.

ఇక డబ్బు. రాయదుర్గం మార్గాన్ని రాష్ట్రం సొంత నిధులతోనే కడతామని అప్పటి ప్రభుత్వం చెప్పింది. ఇప్పటి రెండో దశలో ఐదు కారిడార్లు, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్లు. 2024 నవంబరులో కేంద్రానికి డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) పంపారు. రాష్ట్రం వాటా సుమారు 30 శాతం, కేంద్రానిది 18, అంతర్జాతీయ సంస్థల రుణం 48, మిగిలిన నాలుగు శాతం ప్రైవేటు భాగస్వామ్యం. కేంద్రం డబ్బు కావాలంటే 2017 మెట్రో రైలు విధానం వర్తిస్తుంది. ప్రాజెక్టు వల్ల సమాజానికి కలిగే ఆర్థిక ప్రతిఫలం కనీసం 14 శాతం ఉండాలని, బస్సుల వంటి ప్రత్యామ్నాయాలతో పోల్చి చూపాలని అది అడుగుతుంది. గంటకు 380 మంది లెక్కతో ఆ పరీక్ష గట్టెక్కడం కష్టం. నగరంలోని రద్దీ ప్రాంతాల మీదుగా గీత మళ్లడానికి ఇదీ ఒక బలమైన కారణమే.

అదే మళ్లింపు వేరే భారాన్ని తెచ్చింది. పాతబస్తీ ముక్కలోనే వెయ్యికి పైగా ఆస్తులను పూర్తిగానో కొంత భాగమో తీసుకోవాలి. ఆ పని ఆలస్యమైతే జేబీఎస్ నుంచి చాంద్రాయణగుట్టకు నేరుగా రైలు ఉండదు. విమానాశ్రయ మార్గం సకాలంలో పూర్తయినా జిల్లాల ప్రయాణికులకు అది సగం దారే. ఇంకో ముడి నిర్వహణది. మొదటి దశను కట్టి నడిపిన ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి, సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా రాష్ట్రం దాన్ని తీసుకోవడానికి 2025 సెప్టెంబరులో సూత్రప్రాయ అంగీకారం కుదిరింది. పాత మార్గాలు ఒకరి చేతిలో, కొత్తవి ఇంకొకరి చేతిలో ఉంటే నాగోలులో, ఎల్బీనగర్‌లో, ఎంజీబీఎస్‌లో టికెట్, రైళ్ల వేళలు, ఆదాయ పంపకం అన్నీ తగాదాలే. ఆ చిక్కు విడిపోవడం ప్రయాణికుడికి మంచిదే, ఖజానాకు మాత్రం బరువు.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇవే ప్రశ్నలు వేరే రూపంలో ఉన్నాయి. విజయవాడలో పండిట్ నెహ్రూ బస్టాండ్ నుంచి గన్నవరానికి ప్రతిపాదించిన మెట్రో జాతీయ రహదారి వెంట ఊళ్లను కలుపుకుంటూ పోతుంది, కేసరపల్లి దగ్గర విమానాశ్రయం దారిలోనే తగులుతుంది. బస్టాండ్‌లో మొదలై విమానాశ్రయాన్ని దాటి ఊరి దాకా పోయే అలాంటి గీత సహజంగా కుదిరినది. విశాఖది కష్టమైన కేసు. భోగాపురం విమానాశ్రయం నగరానికి దాదాపు 45 కిలోమీటర్ల దూరం. విశాఖ మెట్రో తొలి దశలోని 46.23 కిలోమీటర్లు కొమ్మాది దగ్గరే ఆగుతాయి. అక్కడి నుంచి భోగాపురానికి సుమారు 30 కిలోమీటర్లు రెండో దశలో ఉన్నాయి. తొలి ఏళ్లలో వచ్చే ప్రయాణికుల సంఖ్యతో ఆ 30 కిలోమీటర్ల రైలు లెక్క కుదరదు కాబట్టి దాన్ని వెనక్కి పెట్టడం తప్పు కాదు. కానీ శంషాబాద్‌లో 2008లో విమానాశ్రయం తెరిచి, మరుసటి ఏడాది పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే అందించాక, జనం ట్యాక్సీలకు అలవాటు పడిపోయారు. ఆ అలవాటును ఇప్పుడు మార్చడానికే ఇంత శ్రమ. భోగాపురానికి మొదటి విమానంతోపాటే విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం బస్టాండ్ల నుంచి రాత్రీ పగలూ నడిచే బస్సులు ఉండాలి. భవిష్యత్తు మెట్రో కోసం కొమ్మాది నుంచి రహదారి పక్కన కావలసిన పట్టీని, టెర్మినల్ ముందు స్టేషన్ స్థలాన్ని భూమి ధరలు పెరగకముందే మాస్టర్ ప్లాన్‌లో గుర్తించి ఖాళీగా ఉంచాలి.